గది సర్దే మనిషి చెప్పిన మాటలు

సిన్యోరా, పెట్టె రాలేదని కంగారు పడకండి.
పెట్టెలు మూడు వేలు, మోసేవాళ్లం గుప్పెడు మందిమి.
పొద్దు వాలేలోగా మీ గుమ్మం ముందుంటుంది,
తప్పిపోయి ఇల్లు చేరిన దూడలా.
మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకున్నారుగా,
సగం ప్రయాణం మీకు తెలిసినట్టే.

నా పేరు క్రిసాంతో. ఊరు ఇలోయిలో.
ఈ వరసలో పద్దెనిమిది గదులు నావి.
నావి అంటే,
సర్దడానికి.

ఇక్కడ తలుపులన్నీ కవల పిల్లలు.
మీ మెడలోని ఆ పచ్చ స్కార్ఫు తీసి పిడికి కట్టండి.
నిరుడు ఒక పెద్దాయన అర్ధరాత్రి
పక్కగది తలుపు గంటసేపు బాది,
తీయలేదని సొంత భార్య మీద
రెండు రోజులు అలిగాడు.

ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత.
అది వినబడితే లైఫ్ జాకెట్టుతో రండి.
ఇవాళ్టిది ఉత్త రిహార్సలే. అయినా నవ్వకండి.
తాళ్లు ఎలా ముడేయాలో
మీ వేళ్లకి ఇప్పుడే నేర్పండి.

కడుపులో తిప్పితే పైకెక్కకండి.
దిగి ఓడ నడుముకి రండి.
తక్కెడలో ఊగేవి పళ్లేలే,
నడిమి ముల్లు ఊరికే వణుకుతుంది.
ఒక పుల్లటి ఆపిల్, రెండు అల్లం బిస్కెట్లు,
నీళ్లూ ఆకాశం అతుక్కున్న గీత మీద చూపు.

మొదటి రాత్రి అందరూ పళ్లెంలో కొండలు కడతారు.
మూడో రోజుకి
ఒక గిన్నెడు చారు చాలు దేవుడా అంటారు.
మీరు మూడో రోజు నుంచే మొదలుపెట్టండి.

రేవులో దిగాక మీ గడియారం కాదు,
ఓడ గడియారం నమ్మండి.
నేపుల్స్‌లో ఒక జంట పరిగెత్తుకొచ్చారు,
ఆయన చేతిలో నిమ్మకాయల సంచి.
అప్పటికి మధ్యలో నలభై గజాల నీళ్లు.
ఎవరో పైనుంచి చెయ్యి ఊపారు, పాపం, అలవాటు కొద్దీ.

మీరు పకపకా నవ్వారు.
టురిన్‌లో ముప్పై ఒక్కేళ్లు ట్రాము నడిపారట.
"పరిగెత్తేవాళ్లని అద్దంలో చూస్తూ
బ్రేకు మీద కాలు వేయకపోవడం
నాకు నేర్పకు నాయనా" అన్నారు.

సరే, ఇంకొక్కటే.
తెల్లవారుజామున అయిదున్నరకి
పన్నెండో డెక్కు, ముందు కొస.
కుర్చీలు తడిసి ఉంటాయి, తువ్వాలు పట్టుకెళ్లండి.

"ఏం కనిపిస్తుంది?"

నాకు తెలీదు సిన్యోరా.
ఆ వేళకి నేను ఓడ అడుగున
దుప్పట్లు లెక్కపెడుతుంటాను.
తొమ్మిదేళ్లుగా, తడి తువ్వాళ్లు తిరిగి తెచ్చే
మనుషుల మొహాలు చూసి చెబుతున్నాను.

ఆ తర్వాత వారం రోజులూ
తువ్వాలుతో పాటు మీరు నాకో లెక్క అప్పజెప్పారు,
డ్యూటీ దిగుతూ డిపోలో చెప్పినట్టు, పొడిపొడిగా.
సోమవారం: మబ్బు. ఏమీ లేదు.
మంగళవారం: చేపల పడవ ఒకటి, తెల్లారినా దీపం ఆర్పలేదు.
బుధవారం: వేరే ఓడ. మనలాగే ఉంది. ఎవరూ చెయ్యి ఊపలేదు.
గురువారం: నిద్రపోయాను, క్షమించు.
శుక్రవారం మీరేం చెప్పలేదు.
తువ్వాలు మాత్రం చాలా తడిసి ఉంది.

శనివారం జెనోవా.
మళ్లీ మూడు వేల పెట్టెలు.
మీ గదికి వచ్చేసరికి పక్క మీరే సర్దేశారు,
మూలలన్నీ తప్పు మడిచి.
నేను విప్పి మళ్లీ మడిచాను.
పిడికి కట్టిన స్కార్ఫు మాత్రం విప్పలేదు.

మధ్యాహ్నం కొత్త జంట దిగారు,
పెళ్లయి పట్టుమని పది రోజులు కాలేదు.
పెట్టె రాలేదని ఆ అమ్మాయి కంగారు.
ఈ పచ్చగుడ్డ ఎవరిదని అడిగింది.
గుర్తు, అన్నాను, తలుపు మరిచిపోకుండా.

అన్నీ చెప్పి, చివర ఆ ఒక్కటీ చెప్పాను.
ఏం కనిపిస్తుందని ఆ అబ్బాయి అడిగాడు.

ఒక్కోసారి పడవ. ఒక్కోసారి ఏమీ కనిపించదు.
అయినా వెళ్లండి.